క్యాన్సర్ సంఖ్యలు: ఎక్కువమందికి వచ్చేది ఏది, ఎక్కువమందిని చంపేది ఏది?

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే చాలా కుటుంబాలు నన్ను అడిగే మొదటి మాట “ఎన్నాళ్లుంటారు డాక్టరు గారూ?” అనే. ఏ అవయవంలో వచ్చింది, ఏ దశలో ఉంది అన్న సంగతులు ఆ తర్వాతే. కానీ ఆ రెండూ తేలకుండా మొదటి ప్రశ్నకు ఏ క్యాన్సర్ వైద్యుడూ జవాబు చెప్పలేడు. ఒక క్యాన్సర్‌కూ ఇంకో క్యాన్సర్‌కూ మధ్య అంత తేడా ఉంటుంది.

అపోహ: ఎక్కువమందికి వచ్చే క్యాన్సరే ఎక్కువ ప్రాణాంతకం.

వాస్తవం: 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది సుమారు 2 కోట్ల మందికి కొత్తగా క్యాన్సర్ బయటపడింది, 97 లక్షల మంది చనిపోయారు. కేసుల్లోనూ మరణాల్లోనూ ఊపిరితిత్తుల క్యాన్సరే మొదటిది: 25 లక్షల కేసులు, 18 లక్షల మరణాలు. ఆ తర్వాత వరస మారిపోతుంది. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ కేసులు 23 లక్షలు, మరణాలు 6.7 లక్షలు. కాలేయ క్యాన్సర్ కేసులు 8.7 లక్షలే, మరణాలు మాత్రం 7.6 లక్షలు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో సగం మందికి కూడా రాని జబ్బు అంతకన్నా ఎక్కువమందిని తీసుకుపోయింది.

థైరాయిడ్, పాంక్రియాస్ (క్లోమగ్రంథి) క్యాన్సర్లను పక్కపక్కన పెడితే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. థైరాయిడ్‌లో 8.2 లక్షల కేసులకు మరణాలు 50 వేల లోపే. పాంక్రియాస్‌లో 5.1 లక్షల కేసులకు 4.7 లక్షల మరణాలు. ఆ ఏడాది చనిపోయినవాళ్లంతా ఆ ఏడాదే జబ్బు బయటపడినవాళ్లు కారు, కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా జబ్బు తీవ్రత అర్థమవుతుంది. పాంక్రియాస్ పొట్ట వెనకభాగాన లోతుగా ఉంటుంది. అక్కడ గడ్డ పెరుగుతున్నా చాలాకాలం చేతికి తగలదు, నొప్పీ ఉండదు. కామెర్లో, కారణం తెలియకుండా బరువు తగ్గడమో కనిపించేసరికి చాలామందిలో పక్కనున్న రక్తనాళాలకో కాలేయానికో పాకిపోయి ఉంటుంది. ఆపరేషన్‌కు వీలయ్యే దశలో దొరికేవాళ్లు ఐదుగురిలో ఒక్కరు.

అపోహ: కేసులు పెరుగుతున్నాయంటే చావులూ పెరుగుతున్నట్టే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, వయసుతో పాటు క్యాన్సర్ అవకాశమూ పెరుగుతుంది. వెతకడం పెరిగినా కేసులు పెరుగుతాయి. దక్షిణ కొరియాలో ఆరోగ్య పరీక్షలతో పాటు మెడకు అల్ట్రాసౌండ్ చేయించుకోవడం బాగా వ్యాపించింది. 1993తో పోలిస్తే 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ రేటు 15 రెట్లయింది. మరణాల రేటు దాదాపు అలాగే ఉండిపోయింది. జీవితాంతం ఏ హానీ చేయని చిన్న గడ్డలకు ఆపరేషన్లు జరిగాయి. అలా గ్రంథి మొత్తం తీయించుకున్నవాళ్లు బతికినన్నాళ్లూ హార్మోన్ మాత్రలు వేసుకోవాలి.

ఇది చదివి స్క్రీనింగే (లక్షణాలు లేనప్పుడే జబ్బును వెతికే పరీక్షలే) వద్దనుకోకండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి పూర్తిగా వేరు. దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్). అది సోకాక కణాలు క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆలోగా పరీక్షలో మార్పు కనిపిస్తే అక్కడికక్కడే తీసేయవచ్చు. టీకా కూడా ఉంది. అయినా 2022లో 3.5 లక్షల మంది స్త్రీలు దీనితో చనిపోయారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే అంకె ఇదే.

అపోహ: ఐదేళ్ల మనుగడ శాతం (జబ్బు బయటపడ్డాక ఐదేళ్లకు బతికి ఉన్నవాళ్ల శాతం) పెరిగిందంటే అంతమంది ఎక్కువకాలం బతికినట్టే.

వాస్తవం: ఒకాయనకు 67వ ఏట దగ్గు మొదలై జబ్బు బయటపడింది, 70వ ఏట చనిపోయాడనుకుందాం. ఐదేళ్ల లెక్కలో ఆయన లేడు. అదే జబ్బు 63వ ఏట స్కాన్‌లో దొరికి, 70వ ఏటే చనిపోయి ఉంటే ఆయన ఐదేళ్లు దాటినవాళ్ల జాబితాలో చేరతాడు. ఒక్క రోజూ ఎక్కువ బతకలేదు, శాతం మాత్రం పెరిగింది. అందుకే ఒక పరీక్షో చికిత్సో ప్రాణాలు కాపాడుతోందా అని తేల్చడానికి మేం మరణాల రేటు తగ్గిందా అని చూస్తాం. మీకెవరైనా ఒక శాతం చెబితే, అది ఏ దశలో ఉన్నవాళ్లది, ఏ కాలంలో చికిత్స పొందినవాళ్లది అని తప్పక అడగండి.

అపోహ: పొగ తాగనివాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ రాదు, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ రాదు.

వాస్తవం: రెండూ వస్తాయి. మొదటిది అరుదేమీ కాదు. రెండోది రొమ్ము క్యాన్సర్ కేసుల్లో ఒక శాతం దాకా ఉంటుంది.

అపోహ: నాలుగో స్టేజ్ అంటే, అంటే జబ్బు దూరపు అవయవాలకు పాకిందంటే, ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: వృషణాల క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకాక కూడా ఎక్కువమందిలో పూర్తిగా నయమవుతుంది. సిస్‌ప్లాటిన్ అనే మందు వచ్చాక జరిగిన మార్పు ఇది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ వంటి కొన్ని జన్యువుల్లో మార్పు ఉన్నవాళ్లు, జబ్బు పూర్తిగా పోకపోయినా, రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి పనులు చేసుకోగలుగుతున్నారు. పాంక్రియాస్ క్యాన్సర్‌లో ఇలాంటి మాట ఇంకా చాలా కొద్దిమందికే చెప్పగలుగుతున్నాం. అక్కడ కూడా నొప్పి తగ్గించడం, కామెర్లకు స్టెంట్ (మూసుకుపోయిన పిత్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయడం, నాలుగు ముద్దలు తినగలిగేలా చేయడం వైద్యమే. వాటిని మొదటి రోజు నుంచే అడగండి.