ఆటలాడిస్తే అక్షరాలెప్పుడొస్తాయి?

పలాస దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు నా దగ్గరుంటారు. కొత్త పిల్లలు చేరిన ప్రతిసారీ ఇళ్ళ నుంచి వచ్చే మాటలు ఇవే.

అపోహ: మూడేళ్ళు నిండాక పలక పట్టించకపోతే వెనకబడిపోతాడు.

"ఏటమ్మా టీచరమ్మా, గుంటడు నెల్రోజులై వస్తన్నాడు, ఒక్క అచ్చరం దిద్దించలేదేటి?" అని ఓ మామ్మ నిలదీసింది. తప్పు పట్టలేదు. తనకు రాని చదువు మనవడికి రావాలని ఆమె ఆరాటం. వాడి చెయ్యి ఆమె చేతిలో పెట్టి చెప్పాను.

వాస్తవం: మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటే గట్టిపడుతూ, చివరిదాని వంతు వచ్చేసరికి దాదాపు పదేళ్ళు పడుతుంది. మూడేళ్ళవాడు బలపాన్ని పిడికిట్లో బిగించి, చెయ్యంతా కదిపి గీస్తాడు. మూడు వేళ్ళతో పట్టి, ఆ వేళ్ళనే కదుపుతూ రాయడం చాలామందికి నాలుగున్నర, ఆరేళ్ళ మధ్య అబ్బుతుంది. ఈలోగా వేళ్ళకు బలం కావాలి. మట్టి పిసకడం, చింతపిక్కలు ఏరడం, పూలు గుచ్చడం ఆ బలాన్నిస్తాయి. ముందే చెయ్యి పట్టి దిద్దించిన పిల్లలు పలక చూడగానే ఏడవడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: ఉత్తుత్తి ఆటలు కాలక్షేపానికే.

మా పిల్లల తల్లులు చాలామంది జీడిపప్పు పనికి వెళ్తారు. అందుకే సెంటర్లో రోజూ 'జీడిపప్పు ఆట' నడుస్తుంది. గులకరాళ్ళు ముందేసుకుని వరసగా కూర్చుంటారు. "ఇది గుండు, ఇది బద్ద" అంటూ వేరుచేస్తారు. పోలికను బట్టి వస్తువుల్ని విడదీయడం గణితానికి తొలిమెట్టు. నేను నేర్పకముందే చేసేస్తున్నారు. ఒకరోజు మేస్త్రి అయిన పిల్ల "ఇంకా బెల్లు కొట్టలేదు, లేవకు" అంది. రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లాడు ఆ మాటకు కదల్లేదు! 1940ల్లో సోవియట్ పరిశోధకులు గమనించిందీ ఇదే. కదలకుండా నిలబడమంటే నిలబడలేని పిల్లలు, ఆటలో కాపలావాళ్ళయితే అంతకంటే చాలాసేపు నిలబడ్డారు. రేపు బడిలో అవసరమయ్యే నిగ్రహం ఇలా మొదలవుతుంది.

అపోహ: ఫోన్లో గేమ్ కూడా ఆటే కదా.

కాదు. 3, 4 ఏళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదపాలని, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెర ముందు గంట మించకూడదు. రెండేళ్ళలోపు వాళ్ళకు అసలే వద్దంది.

అపోహ: మంచి ఆటవస్తువులు కొనాలి.

తాటిబుర్రలకు పుల్ల గుచ్చితే బండి. కొబ్బరాకు మడిస్తే బూర. కాళ్ళా గజ్జా కంకాళమ్మకు అదీ అక్కర్లేదు, మామ్మ ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. మన ఉద్దానంలో పెద్దపిల్లలు ఆడే జీడిపిక్కలు చిన్నవాళ్ళకివ్వకండి, పచ్చిజీడి రసం ఒళ్ళు పొక్కిస్తుంది. మూడేళ్ళలోపు పిల్ల ఉన్న ఇంట్లో చింతపిక్కలు కూడా గొంతులో అడ్డుపడే ప్రమాదముంది. ఆట అయ్యాక అన్నీ లెక్కపెట్టి డబ్బాలో వెయ్యండి. ఆ లెక్క మాత్రం ఇంట్లో పెద్దపిల్లకే అప్పజెప్పండి.