బయట బారెడు, లోపల మూరెడు: ఎలైట్ డేంజరస్ షిప్‌ల జాగాపై అపోహలు – వాస్తవాలు

"టైప్-9లో 790 టన్నులు పడతాయన్నారు. నాకు 534 దగ్గరే ఆగిపోతోంది. గేమ్‌లో బగ్గా?"

ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లో సరుకు రవాణా మొదలుపెట్టి, చెమటోడ్చి ఏడున్నర కోట్ల క్రెడిట్లు పోగేసి, టైప్-9 హెవీ అనే సరుకు షిప్ కొన్నవాళ్లు అడిగే ప్రశ్న ఇది. పాపం, గొంతులో కంగారు తెలుస్తూనే ఉంటుంది. బగ్ ఏమీ లేదు. తగ్గిన 256 టన్నులూ ఎక్కడికీ పోలేదు, వాటి మీద మీ షీల్డ్ జనరేటర్ (దాడుల నుంచి కాపాడే కవచాన్ని పుట్టించే పరికరం) కూర్చుంది.

అపోహ: స్లాట్ (పరికరం బిగించే గది) అంటే స్లాటే. క్లాస్ (సైజు అంకె) 8 అయినా 7 అయినా పెద్ద తేడా ఉండదు. పెద్ద షిప్‌కి పెద్ద షీల్డే పెట్టాలి.

వాస్తవం: ఈ గేమ్‌లో జనం ఎక్కువ డబ్బు తగలేసేది ఈ ఒక్క నమ్మకం వల్లే. అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

సరుకు పెట్టుకునే కార్గో ర్యాక్ క్లాస్ ఒక్కటి పెరిగితే సామర్థ్యం రెట్టింపు అవుతుంది. క్లాస్ 1లో 2 టన్నులు, 2లో 4, 3లో 8, 4లో 16, 5లో 32, 6లో 64, 7లో 128, 8లో 256. అంకె ఎనిమిది నుంచి ఏడుకి దిగిందంటే ఎనిమిదో వంతు తగ్గినట్టు కాదు, సగం పోయినట్టు.

టైప్-9 ఆప్షనల్ స్లాట్లు (మనకి కావాల్సింది బిగించుకునేవి) వరుసగా 8, 8, 7, 6, 5, 4, 4, 3, 3, 2, 1. అన్నింట్లో ర్యాకులే పెడితే 790 టన్నులు. ఇందులో రెండు క్లాస్ 8 స్లాట్లవే 512. అంటే మూడింట రెండొంతుల సరుకు రెండే గదుల్లో ఉంది, మిగతా తొమ్మిదీ కలిసినా 278 దాటవు. ఆ రెండు గదుల్లో ఒకటి తీసుకెళ్లి షీల్డ్‌కి ఇచ్చేస్తే 534 కాక ఇంకేం మిగులుతుంది?

మరి షీల్డ్ ఎంత క్లాస్‌ది కావాలి? ప్రతి షీల్డ్ జనరేటర్‌కీ మోయగల హల్ (షిప్ ఖాళీ ఒళ్లు) బరువు పరిమితి ఒకటి ఉంటుంది. మామూలు షీల్డ్‌లలో క్లాస్ 3కి 413 టన్నులు, 4కి 713, 5కి 1013, 6కి 1350. ఇక్కడ చూసేది హల్ బరువు మాత్రమే, ఎక్కించిన సరుకూ ఇంధనమూ లెక్కలోకి రావు. టైప్-9 హల్ 850 టన్నులు. క్లాస్ 4 చాలదు, క్లాస్ 5 సరిపోతుంది. అంటే షీల్డ్‌ని క్లాస్ 5 స్లాట్‌లో పెడితే పోయేది 32 టన్నులు, చేతిలో 758 మిగులుతాయి.

ధర కూడా చూడండి. 8ఏ షీల్డ్ (క్లాస్ 8, ఏ గ్రేడ్) దాదాపు 16 కోట్ల 26 లక్షల క్రెడిట్లు, అంటే షిప్ ధరకి రెండింతల పైమాటే. 5ఏ షీల్డ్ 51 లక్షలు. షిప్ పేలిపోతే దాన్ని తిరిగి పొందడానికి కట్టాల్సిన రీబై మొత్తం విలువలో 5 శాతం కాబట్టి, ఆ పెద్ద షీల్డ్ ఒక్కదాని వాటాయే 81 లక్షలు అవుతుంది. సరుకు తక్కువ, పోతే నష్టం ఎక్కువ, రెండు విధాలా దెబ్బే.

ఇప్పటికే అలా కొనేసినవాళ్లు గుండె బాదుకోనక్కర్లేదు. మాడ్యూళ్లు (స్లాట్లలో బిగించే పరికరాలు) అమ్మితే పూర్తి ధర తిరిగొస్తుంది, కోత పడేది హల్ అమ్మినప్పుడే. ఔట్‌ఫిటింగ్ (మాడ్యూళ్లు మార్చుకునే సేవ) ఉన్న పెద్ద స్టేషన్‌కి వెళ్లి, ముందు సరుకంతా దించేయండి, కార్గో నిండి ఉంటే ర్యాక్ తీయనివ్వదు. ఆప్షనల్ ఇంటర్నల్ విభాగంలో క్లాస్ 8 స్లాట్‌లోని షీల్డ్‌ని అమ్మండి. అక్కడ క్లాస్ 8 ర్యాక్ పెట్టండి, అది 38 లక్షల చిల్లర. క్లాస్ 5 స్లాట్‌లో ఉన్నదాన్ని తీసి 5ఏ షీల్డ్ బిగించండి. షిప్‌ని స్టేషన్‌లో తానే దించే డాకింగ్ కంప్యూటర్, ప్రయాణంలో తానే నడిపే సూపర్‌క్రూజ్ అసిస్ట్ రెండూ క్లాస్ 1 మాడ్యూళ్లే. ఒకటి క్లాస్ 1 స్లాట్‌లో, రెండోది క్లాస్ 2లో పెడితే 6 టన్నులు పోయి 752 నిలుస్తాయి. డాకింగ్ కంప్యూటర్‌ని క్లాస్ 6 స్లాట్‌లో పెట్టుకుని 64 టన్నులు వదులుకున్న షిప్‌లు కూడా తిరుగుతున్నాయి, ఏం చెప్తాం.

ఒక్క మాట దాచకూడదు. హల్ బరువు పరిమితికి దగ్గరయ్యే కొద్దీ షీల్డ్ పలచబడుతుంది. టైప్-9 మీద క్లాస్ 5 షీల్డ్ కవచం ఏమీ కాదు, పారిపోయేంత సేపు కాపాడేది. దానికి బలం కావాలంటే షీల్డ్ బూస్టర్లు వేసుకోవాలి. అవి బయటి యుటిలిటీ మౌంట్లలో కూర్చుంటాయి కాబట్టి ఒక్క టన్ను జాగా కూడా తినవు. యుద్ధానికి వెళ్లే షిప్‌కి ఈ సలహా వర్తించదు, అక్కడ పెద్ద స్లాట్‌లో పెద్ద షీల్డే న్యాయం.

అపోహ: పొడవైన షిప్‌లో ఎక్కువ సరుకు పడుతుంది.

వాస్తవం: బెలూగా లైనర్ అనే ప్రయాణికుల షిప్ పొడవు 209 మీటర్లు. టైప్-9 పొడవు 117. కానీ బెలూగా మోసేది 400 టన్నుల లోపే. షిప్ ఆకారం గీసినవాళ్లు వేరు, స్లాట్లు పంచింది ఆటలో సమతూకం చూసుకున్నవాళ్లు. ఘనపరిమాణం అనే లెక్కే ఇక్కడ లేదు. టన్ను బంగారమూ ఒక డబ్బానే, టన్ను టీ పొడీ ఒక డబ్బానే.

ఈ గందరగోళం చాలావరకు స్టార్ సిటిజన్ ఆడి వచ్చినవాళ్లది. ఆ గేమ్‌లో సరుకు కొలత అయిన ఎస్‌సీయూ అంటే నిజంగా 1.25 మీటర్ల ఘనం. 32 ఎస్‌సీయూ పెట్టె 10 మీటర్ల పొడవుంటుంది, గది పొట్టిదైతే మొత్తం అంకె సరిపోయినా పెట్టె దూరదు. అక్కడ ఆ కొలత న్యాయమే. ఎలైట్‌లో మాత్రం టన్ను లెక్కే పాత ఆచారం. 1984లో బీబీసీ మైక్రో అనే ఇంటి కంప్యూటర్ కోసం డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ రాసిన మొదటి ఎలైట్‌లో కోబ్రా మార్క్ 3 మోసింది 20 టన్నులు, పెద్ద కార్గో బే కొనుక్కుంటే 35. ఆ రోజుల్లో బంగారం కిలోల్లో అమ్మేవాళ్లు, ఇప్పుడు అదీ టన్ను డబ్బానే.

అపోహ: షిప్ చిన్నదైతే చిన్న ల్యాండింగ్ ప్యాడ్ మీద దిగుతుంది.

వాస్తవం: పొడవు ఒక్కటే కాదు, వెడల్పు, ఎత్తు కూడా చూస్తారు. టైప్-7 కథ ఇదే. ఈ షిప్ పొడవు 81.6 మీటర్లు, పైథాన్ అనే ఇంకో షిప్‌ది 87.9. పొట్టిదే కదా, పైథాన్ దిగే మీడియం ప్యాడ్ మీద ఇదీ దిగుతుందనుకుంటారు. దిగదు. పైథాన్ ఎత్తు 18 మీటర్లు, టైప్-7 ఎత్తు 25.4. అందుకే దీనికి లార్జ్ ప్యాడే కావాలి. ఇంపీరియల్ క్లిప్పర్‌కి రెక్కల వెడల్పు అడ్డు. అది పైథాన్ కంటే తక్కువ సరుకు మోస్తూ లార్జ్ ప్యాడ్ అడుగుతుంది.

దీనివల్ల నష్టమేంటంటే, ఔట్‌పోస్టుల్లో (చిన్న స్టేషన్లలో) లార్జ్ ప్యాడ్లు ఉండవు, చిన్నవీ మీడియంవే. మంచి ధర చూసుకుని, 300 టన్నులు నింపుకుని, అరగంట ప్రయాణం చేసి ఔట్‌పోస్ట్ ముందుకు వెళ్తే డాకింగ్ రిక్వెస్ట్ తిరస్కరిస్తారు. సరుకు పట్టుకుని వెనక్కి రావాల్సిందే. బయల్దేరే ముందు సిస్టమ్ మ్యాప్‌లో ఆ స్టేషన్ రకం చూడండి. కోరియోలిస్, ఓర్బిస్, ఓసెల్లస్ అయితే మూడు రకాల ప్యాడ్లూ ఉంటాయి. ఔట్‌పోస్టులే మీ దారి అయితే పైథాన్ తీసుకోండి, లేదా 2024లో వచ్చిన టైప్-8 తీసుకోండి. మీడియం ప్యాడ్ మీద దిగుతూనే 400 టన్నులు దాటించేది అది.

అపోహ: పెద్ద షిప్ బరువెక్కువ, దూరం దూకలేదు. జంప్ రేంజ్ (ఒక్క దూకులో దాటే దూరం) కావాలంటే ఖాళీ ర్యాకులు తీసేయాలి.

వాస్తవం: అనకొండ అనే షిప్ 150 మీటర్లు పైనే ఉంటుంది, మన ఎల్‌హెచ్‌బీ రైలు బోగీలు ఆరు వరుసగా నిలబెట్టినంత. హల్ బరువు మాత్రం 400 టన్నులే. దాదాపు అంతే పొడవున్న ఫెడరల్ కార్వెట్ 900. రెండింటికీ నక్షత్రాల మధ్య దూకించే డ్రైవ్ క్లాస్ 6దే. ఇంజినీరింగ్ చేయని (అదనంగా మెరుగుపరచని) మామూలు 6ఏ డ్రైవ్ మొత్తం బరువు 1800 టన్నులు ఉంటే సుమారు 12 కాంతి సంవత్సరాలు దూకిస్తుంది, 900 ఉంటే 24. బరువు సగమైతే దూరం రెట్టింపు. సుదూర అన్వేషణకి జనం అనకొండను ఎందుకు ఎత్తుకెళ్తారో అర్థమైంది కదా. దాని హల్ 413 లోపే కాబట్టి క్లాస్ 3 షీల్డ్‌తో సరిపెట్టేస్తారు కూడా. ఇక ఖాళీ కార్గో ర్యాక్ బరువు సున్నా. తీసినా ఒక్క కాంతి సంవత్సరం కూడా పెరగదు, బరువు డబ్బాలదే.

అపోహ: పెద్ద స్లాట్‌లో ఎక్కువ మంది ప్రయాణికులు పడతారు.

వాస్తవం: ప్రయాణికుల కేబిన్లు క్లాస్ 6తో ఆగిపోతాయి. క్లాస్ 6లో ఎకానమీ అయితే 32 మంది, బిజినెస్ 16, ఫస్ట్ క్లాస్ 12, లగ్జరీ 8. క్లాస్ 7 స్లాట్‌లో పెట్టినా అదే క్లాస్ 6 కేబిన్, సగం జాగా వృథా. లగ్జరీ కేబిన్ కొనేముందు ఇంకోటి చూసుకోవాలి, అది డాల్ఫిన్, ఓర్కా, బెలూగాల్లో తప్ప ఎక్కడా బిగించలేరు.

చిన్నాచితకవి గబగబా చెప్పేస్తా. యుద్ధ పరికరాలకే కేటాయించిన మిలిటరీ కంపార్ట్‌మెంట్లలో కార్గో ర్యాక్ పట్టదు, అనకొండ స్లాట్ల లెక్క వేసేటప్పుడు అక్కడి క్లాస్ 5ని వదిలేయండి. లింపెట్లు (ఖనిజాలు ఏరితెచ్చే చిన్న డ్రోన్లు) కూడా సరుకే, ఒక్కోటి ఒక టన్ను. ర్యాక్ నిండా లింపెట్లు కొనుక్కుని మైనింగ్‌కి వెళ్తే మొదటి ఖనిజానికి చోటుండదు. ఎస్‌ఆర్‌వీ (గ్రహం నేల మీద నడిపే బండి) హ్యాంగర్ క్లాస్ 2లో ఒక బండి, 4లో రెండు, 6లో నాలుగు.

అపోహ: కాక్‌పిట్ వెనక తలుపు తెరిస్తే గదులున్నాయి, ఏదో కీ నొక్కాలి.

వాస్తవం: ఏ కీ లేదు, వెతకొద్దు. 2021 మే నెలలో ఒడిస్సీ అనే అదనపు భాగం వచ్చాక షిప్ దిగి నేల మీద నడవగలిగాం గానీ షిప్ లోపల నడక ఇవ్వలేదు. కింద నిలబడి ఎక్కుతానంటే తెర నల్లబడుతుంది, మళ్లీ వెలుగొచ్చేసరికి సీట్లో ఉంటారు. ఎవరో వీడియోలో అనకొండ కారిడార్లు చూపించారంటే అది ఎవరో విడిగా తయారుచేసుకున్న బొమ్మ. సైజు ఒంటికి తెలియాలంటే దారి ఒక్కటే. ఏదైనా గ్రహం మీద దించి, దిగి, ముక్కు నుంచి తోక దాకా షిప్ కింద నడవండి. ఆటలో మొదట చేతికొచ్చే సైడ్‌వైండర్ పొడవు 15 మీటర్లు, ఆర్టీసీ బస్సు కంటే కాస్త ఎక్కువ, పది పన్నెండు సెకన్లలో అయిపోతుంది. అనకొండ కింద మామూలు నడకకి రెండు నిమిషాలు పడుతుంది.