పాత వాషింగ్ మెషీన్‌లో బంగారం ఉండదు: మా స్క్రాప్ పని మీద అపోహలు - వాస్తవాలు

ఇంట్లో పాడైపోయిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్, మిక్సీ ఏదైనా సరే, నాలుగు చేతులు మారి చివరికి మాలాంటి వాళ్ళ షెడ్డుకే వస్తుంది. విజయవాడ ఆటోనగర్ దగ్గర రేకుల షెడ్డులో 14 ఏళ్ళుగా నేను చేస్తున్నది ఈ పనే. వచ్చిన సామాను విప్పడం, పనికొచ్చే పార్టు పక్కన పెట్టడం, మిగిలింది ఇనుము, రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ అని వేరుచేసి కాటా వేయడం. బయటివాళ్ళకే కాదు, కొత్తగా ఈ పనిలోకి దిగే కుర్రాళ్ళకి కూడా దీని మీద చాలా అపోహలున్నాయి. వాటిల్లో కొన్ని డబ్బు పోగొడతాయి. కొన్ని కళ్ళు, వేళ్ళు పోగొడతాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: సామాను ఎంత బరువుంటే అంత డబ్బు.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. అమ్మేవాళ్ళు ఆ బరువు చూసి "ఇంత ఇనుముంది, ఇంతేనా ఇచ్చేది?" అంటారు. వెనక రేకు విప్పి చూపిస్తే గానీ నమ్మరు. టబ్బుకి పైన ఒకటి, కింద ఒకటి కాంక్రీట్ దిమ్మలు బోల్టులేసి ఉంటాయి. బట్టలు పిండేటప్పుడు మెషీన్ ఎగరకుండా పెట్టిన బరువది. కొన్ని మోడళ్ళలో పోత ఇనుముతో చేసినవి కూడా ఉంటాయి గానీ ఎక్కువ శాతం కాంక్రీటే. దాన్ని ఎవరూ కొనరు. మేమే ఆటో కట్టి పారేయించుకోవాలి.

డబ్బు ఉండేది చిన్న చిన్న పార్టుల్లో. నీళ్ళు బయటికి తోసే డ్రెయిన్ పంపు, నీళ్ళు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వు, డోర్ లాకు, మోటారు, బోర్డు. ఇవి పనిచేస్తుంటే ఒక్కోటీ కాటా ధరకి ఎన్నో రెట్లు పలుకుతుంది. సుత్తితో పగలగొట్టేవాడికి మెషీన్ పావుగంటలో అయిపోతుంది, స్క్రూడ్రైవరుతో విప్పేవాడికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరే మాకు కూలి.

పోయిన వేసవిలో ఒక పెద్దాయన ఫ్రంట్ లోడ్ మెషీన్ తెచ్చి "మోటారు కాలిపోయిందంట బాబూ, ఎంతిస్తావో ఇవ్వు" అన్నారు. మోటారు దించి వాసన చూశాను. కాలిన వాసన లేదు. పక్కనున్న రెండు కార్బన్లు (తిరిగే మోటారుకి ఆనుకుని కరెంటు అందించే బొగ్గు ముక్కలు) బయటికి తీస్తే గోరంత కూడా మిగల్లేదు, అరిగి అరిగి లోపలి స్ప్రింగు కనిపిస్తోంది. కొత్త జత వేసి, బయటే కరెంటిచ్చి తిప్పితే మోటారు గిర్రున తిరిగింది. "ఇది స్క్రాప్ కాదు బాబాయ్, ఇంటికి తీసుకెళ్ళండి" అని బిగించి పంపేశాను. ఆ రోజు నాకు కార్బన్ల ధర, కూలి మాత్రమే మిగిలాయి. బతికున్న మెషీన్‌ని విప్పడానికి మాత్రం నాకు చేతులు రావు.

అపోహ: మోటారు అంటే లోపలంతా రాగే.

ఒకప్పుడు నిజం. ఇప్పుడు ఫ్రిజ్ కంప్రెసర్లలో, వాషింగ్ మెషీన్ మోటార్లలో, ఫ్యాన్లలో అల్యూమినియం తీగ చుట్టినవి చాలా వస్తున్నాయి. మోసపోయేది ఎక్కడంటే, తీగ మీద పూసిన ఎనామిల్ రంగు వల్ల అల్యూమినియం కూడా రాగిలాగే ఎర్రగా మెరుస్తుంది. కంటికి తేడా తెలియదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. కాయిల్లోంచి ఒక్క పోగు బయటికి లాగి, బ్లేడుతో గోరు మందాన గీకండి. కింద ఎర్రగా కనిపిస్తే రాగి, తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. అక్కడితో ఆగకండి. ఆ పోగుని కత్తిరించి, తెగిన చివర వెలుతుర్లో పెట్టి చూడండి. అంచు చుట్టూ ఎరుపు, మధ్యలో తెలుపు ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. బరువు కూడా చెప్తుంది. ఒకే సైజులో ఉంటే రాగి అల్యూమినియం కంటే మూడు రెట్లకి పైనే బరువుంటుంది. ధర చూస్తే అల్యూమినియం రాగిలో మూడో వంతో, నాలుగో వంతో. రాగి అనుకుని పది కంప్రెసర్లు కొన్నవాడు కోసి చూసుకుంటే ఆ నెల నష్టంలోనే ముగుస్తుంది.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ స్టీల్ కాదు.

తప్పు. 304 రకం స్టీల్‌కి అంటుకోదు. 430 రకానికి బాగా అంటుకుంటుంది, కానీ అదీ స్టెయిన్‌లెస్ స్టీలే. వాషింగ్ మెషీన్ డ్రమ్ములు చాలావరకు ఈ రెండో రకం. నికెల్ లేదు కాబట్టి 304 అంత ధర రాదు, అయినా మామూలు ఇనుములో కలిపి అమ్ముకోవాల్సిన సరుకు కాదు.

అపోహ: వైరు కాల్చేస్తే రాగి తేలిగ్గా వస్తుంది.

వస్తుంది. నల్లగా, మసిపట్టి, పెళుసుబారి వస్తుంది. కాల్చిన రాగికి, ఒలిచిన మెరిసే రాగికి కాటా దగ్గరే ధర తేడా. అంటే కష్టం తప్పించుకోవడానికి మన డబ్బు మనమే కాల్చుకుంటున్నాం. పైగా వైరు తొడుగు పీవీసీ. అది మండితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగ, డయాక్సిన్లు వస్తాయి. డయాక్సిన్ క్యాన్సర్ తెచ్చే విషం, ఒంట్లో చేరితే ఏళ్ళ తరబడి కొవ్వులో పేరుకుని ఉంటుంది. సాయంత్రం ఖాళీ స్థలంలో వైర్లు తగలబెట్టి ఆ పక్కనే టీ తాగే కుర్రాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. చేత్తో తిప్పే వైర్ ఒలిచే మిషను చిన్నది కొనుక్కోండి. సన్న వైర్లు ఒలవలేకపోతే తొడుగుతోనే అమ్మేయండి, కొనేవాళ్ళున్నారు.

అపోహ: ఫ్రిజ్ పాడైందంటే గ్యాస్ పోయినట్టే. ఉన్నా పైపు కోసి వదిలేస్తే గాల్లో కలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ భయపడేది నేను దీనికే. ఫ్రిజ్ రిలే (కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే స్విచ్చు) పోయో, థర్మోస్టాట్ పోయో, బోర్డు పోయో ఆగిపోవచ్చు. అప్పుడు గ్యాస్ చుక్క కూడా పోదు, నిండుగా అలాగే ఉంటుంది. ఏ గ్యాస్ ఉందో కంప్రెసర్ మీద స్టిక్కరే చెప్తుంది, కోసేముందు అది చదవాలి.

ఆర్600ఏ అని ఉండి, పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉంటే అది ఐసోబ్యూటేన్. మన వంటగ్యాస్‌కి దగ్గర బంధువు. ఇళ్ళల్లో వాడే ఫ్రిజ్‌లో సాధారణంగా 100 గ్రాముల లోపే ఉంటుంది. అంతేగా అనుకోకండి. గాలి కంటే బరువైనది కాబట్టి పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. మూసిన షెడ్డులో పక్కన వెల్డింగ్ జరుగుతుంటే చాలు.

నేను పని నేర్చుకునే రోజుల్లో, నాతో పాటే చేరిన ఒక కుర్రాడు ఇలాంటి ఫ్రిజ్ పైపు గ్యాస్ కట్టర్‌తో కోశాడు. బుస్సుమన్న చప్పుడు, నడుమెత్తు మంట, అంతే. కనుబొమలు, ముందు జుట్టు మాడిపోయాయి. రెండు చేతుల మీద బొబ్బలు. కళ్ళు దక్కడం అదృష్టం. ఆ రోజు నుంచి నేను ఫ్రిజ్ పైపుకి మంట చూపించలేదు. చేత్తో తిప్పే ట్యూబ్ కట్టర్ ఒక్కటే.

పాత ఫ్రిజ్‌లలో ఆర్134ఏ ఉంటుంది. ఇంకా పాతవాటిలో ఆర్12. పాత ఏసీల్లో ఆర్22. ఇవి మండవు కదా అని మంట పెడితే, ఆ వేడికి విషవాయువులుగా మారి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి. గాల్లోకి వదిలేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. ఆర్12, ఆర్22 ఓజోన్ పొరని తినేస్తాయి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వచ్చింది ఈ జాతి గ్యాసుల మీదే, మన దేశంలో సీఎఫ్‌సీలు అనే ఆర్12 లాంటి గ్యాసుల తయారీ 2010 నాటికి ఆపేశారు. ఇక వేడి సంగతి: ఒక్క కిలో ఆర్22 వదిలితే భూమిని వేడెక్కించడంలో సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. పాత ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలో సుమారు అంత గ్యాసే ఉంటుంది. అందుకే ఏసీలు వచ్చినప్పుడు రికవరీ మిషనున్న మెకానిక్‌ని పిలిచి సిలిండర్లోకి లాగించుకుంటాను. అతనికిచ్చే డబ్బు నా లాభంలోంచే పోతుంది. పోనివ్వండి.

అపోహ: ప్లగ్గు పీకేశాం కదా, ఇంకా షాక్ ఎక్కడిది?

మైక్రోవేవ్ ఓవెన్ విప్పితే అరచేతిలో పట్టేంత వెండిరంగు డబ్బా ఒకటి కనిపిస్తుంది. దాని మీద సాధారణంగా 2100 వోల్టులు అని అచ్చేసి ఉంటుంది. అది కెపాసిటర్, కరెంటు చార్జిని దాచుకునే పార్టు. ప్లగ్గు పీకాక లోపలున్న చిన్న రెసిస్టర్ ఆ చార్జిని మెల్లగా ఖాళీ చేయాలి. ఆ రెసిస్టర్ పోయి ఉంటే? ఓవెన్ పాడైందనే కదా మన దగ్గరికి వచ్చింది, లోపల ఏది పోయిందో ఎవరికి తెలుసు? ఆ చార్జి మనిషి ప్రాణం తీయగలదు. దాన్ని ఖాళీ చేసే పద్ధతి పక్కన నిలబడి ఒకరు నేర్పితే తప్ప ఓవెన్ కవరు విప్పొద్దని మా షెడ్డులో కొత్తవాళ్ళకి కచ్చితంగా చెప్తాను. ఓవెన్లోంచి మెల్లగా తిరిగే గాజు పళ్ళెం, దాని కింది మోటారు, ఫ్యాను అమ్ముడుపోతాయి. మాగ్నెట్రాన్‌లోని (ఓవెన్‌లో వేడిచేసే తరంగాలు పుట్టించే పార్టు) గులాబీరంగు పింగాణీ ముక్క మాత్రం పగలగొట్టకూడదు. కొన్నిట్లో బెరీలియం ఉండొచ్చు, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయి.

ఇన్వర్టర్ ఏసీ బయటి యూనిట్ బోర్డు మీది లావు కెపాసిటర్లు, పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబుకి రబ్బరు మూతతో అతుక్కున్న వైరు. వీటితోనూ ఇదే జాగ్రత్త.

అపోహ: పాత షట్టర్ టీవీలో రెడ్ మెర్క్యూరీ ఉంటుంది, లక్షలు పలుకుతుంది.

దీని గురించి నాకు వచ్చినన్ని ఫోన్లు మరి దేని గురించీ రాలేదు. చెక్క తలుపులు పక్కకి జరిపే పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలో, పాత రేడియోలో ఎర్రటి పాదరసం సీసా ఉంటుందని, దానికి అద్దం చూపిస్తే నీడ కనిపించదని, వెల్లుల్లి దగ్గర పెడితే దూరం జరుగుతుందని, బంగారం వైపు వస్తుందని వీడియోలు తిప్పారు. ఆ మాట నమ్మి అటకల మీది టీవీలు దింపినవాళ్ళు, పగలగొట్టి చూసినవాళ్ళు, అడ్వాన్సు పేరుతో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మన పల్లెల్లో ఎందరో.

అలాంటి పదార్థమే లేదు. పాదరసం వెండిలా మెరిసే ద్రవం. పాదరసంతో ఏర్పడే ఎర్రటి పదార్థం మన పెద్దలకి తెలిసిందే, ఇంగిలీకం. అది గంధకంతో కలిసిన పాదరసం, దానికి ఏ మాయా లేదు, లక్షలూ లేవు. ఈ పుకారు మన దగ్గర పుట్టింది కూడా కాదు. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ కుట్టుమిషన్లలో ఇది ఉందని పుకారు లేచి, జనం వాటి కోసం ఎగబడ్డారు. మిషను మారింది, కథ అదే.

ఆ టీవీలు నేను ఎన్నో విప్పాను. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్ళు తయారుచేసిన ఈసీ టీవీలు కూడా వాటిలో ఉన్నాయి. లోపల దుమ్ము, ఎండిపోయిన బల్లి, కాస్త రాగి, పిక్చర్ ట్యూబు. అంతకుమించి ఏమీ లేదు. డబ్బా టీవీల ట్యూబు గాజులో సీసం ఉంటుంది, లోపల గాలి లేదు కాబట్టి పగలగొడితే లోపలికి పేలి ముక్కలు చిమ్ముతాయి. మీ ఇంట్లో చెక్క తలుపుల టీవీ ఉంటే, తాతగారి గుర్తుగా ఉంచుకోండి. ఎవరైనా లక్షలిస్తామంటే ఒక్క రూపాయి కూడా ముందు ఇవ్వకండి.

అపోహ: ప్రతి బోర్డులోనూ బంగారం ఉంటుంది, యాసిడ్ పోస్తే దిగుతుంది.

బంగారం పూత కంప్యూటర్ ర్యామ్ అంచుల మీద, పాత ప్రాసెసర్లలో, ఫోన్లలో ఉంటుంది. వాషింగ్ మెషీన్, ఓవెన్ బోర్డు చాలావరకు ఒకే వైపు రాగి గీతలున్న గోధుమరంగు అట్ట. దాని మీద ఉన్నది తగరం, రాగి, రిలే కొసల్లో రవ్వంత వెండి. నైట్రిక్ యాసిడ్ పోస్తే ఎర్రటి పొగ వస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, బంగారం రాదు. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో బోర్డులు కాల్చి, కడిగి రామగంగ నదిని ఏం చేశారో చూశాక కూడా ఆ దారి మనకెందుకు? పనిచేసే బోర్డు రిపేరు షాపుకి పోతుంది, పనిచేయనిది రిజిస్టరైన రీసైక్లరుకి పోతుంది.

అపోహ: పాత పార్టు అమ్మడమంటే మోసం.

పరీక్షించకుండా అమ్మితే మోసమే. మీటరు పెట్టి చూసి, చూసింది చెప్పి అమ్మితే అది సాయం. ఇన్‌లెట్ వాల్వు కాయిలు మూడు, నాలుగు కిలోఓమ్‌లు చూపాలి. రెండు కిలోవాట్ల హీటరు 26 ఓమ్‌ల చుట్టుపక్కల ఉండాలి, బాడీకి కరెంటు లీకు అసలుండకూడదు. కంపెనీ ఆపేసిన మోడళ్ళకి పాత పార్టు తప్ప దిక్కులేదు. ఫ్రిజ్ గాజు అరలు, కూరగాయల డబ్బా, తలుపుకి ఉండే బాటిల్ స్టాండు కోసం ఎంత దూరం నుంచి వస్తారో!

కొన్ని మాత్రం ఎంత బతిమాలినా అమ్మను. డ్రమ్ము బేరింగులు, కంప్రెసర్ ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు ఆపేది), థర్మల్ ఫ్యూజు, ఉబ్బిన కెపాసిటరు, తడిసిన బోర్డు. వీటిలో కొన్ని ప్రమాదాన్ని ఆపాల్సినవి. వాటి ఆయుష్షు ఎంత మిగిలిందో నేను చెప్పలేను.

అపోహ: చిన్న పని కదా, చట్టంతో మనకేం పని?

ఈ-వేస్ట్ నిబంధనలు 2022లో వచ్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు 21 రకాల సామాను ఉన్న జాబితా 106కి పెరిగింది. తయారీదారు, రీఫర్బిషరు (పాతవి బాగుచేసి అమ్మేవాడు), రీసైక్లరు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో రిజిస్టరు కావాలి. మీరు పోగుచేసిన బోర్డులు, పిక్చర్ ట్యూబులు ఎవరికి అమ్ముతున్నారో వాళ్ళ రిజిస్ట్రేషన్ అడగండి. అడిగితే చిరాకు పడేవాడికి అమ్మొద్దు.

అపోహ: ఖాళీ ఫ్రిజ్ పక్కన పడుంటే ఏమవుతుంది?

మా షెడ్డు పక్కన పిల్లలు దాగుడుమూతలు ఆడుకుంటారు. ఫ్రిజ్ తలుపు మూసుకుంటే లోపలికి గాలి రాదు. పాత గొళ్ళెం రకమైతే లోపలి నుంచి అసలు తెరుచుకోదు. కొత్తవి అయస్కాంతం రబ్బరుతో మూసుకునేవే అయినా, తలుపు గోడవైపు ఉంటేనో, తాడు కట్టి ఉంటేనో పిల్లల బలం చాలదు. అందుకే ఫ్రిజ్ ఆటోలోంచి దిగగానే, కాటా కంటే ముందు, టీ కంటే ముందు, తలుపులు ఊడదీస్తాం. మీరూ అమ్మేవరకు మేడ మీద పెట్టేట్టయితే కీలు బోల్టులు విప్పి తలుపు పక్కన పెట్టండి. ఒక స్పానరు చాలు.