ఉప్పునీటి అక్వేరియంలో క్లౌన్ ఫిష్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాదులో ఇళ్లకు వెళ్లి ఉప్పునీటి అక్వేరియంలు అమర్చడం, ఆ తర్వాత వాటి బాగోగులు చూడడం నా వృత్తి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలుండే చిన్న సముద్రపు చేప క్లౌన్ ఫిష్ గురించి నాకు వచ్చే ఫోన్లలో తరచుగా ఒకటే పొరపాటు కనిపిస్తుంది. చేప తన సహజ స్వభావం కొద్దీ చేసే పనిని జబ్బనుకొని నీళ్లలో మందు పోస్తారు. నీళ్లు నిజంగా చెడి చేప అవస్థ పడుతుంటే మాత్రం అది దాని అలవాటేలెమ్మని వదిలేస్తారు.

అపోహ: చేప ఒళ్లంతా వణికిస్తోందంటే ఫిట్స్ వచ్చినట్టు, లేదా హీటర్ నుంచి నీళ్లలోకి కరెంటు దిగుతున్నట్టు.

ఒక్క నిమిషం ట్యాంకు ముందు కదలకుండా కూర్చొని, ఏ చేప ఎవరి ఎదుట వణుకుతోందో చూడండి. చిన్న చేప పెద్ద చేప దగ్గరికి వెళ్లి, కాస్త పక్కకు ఒరిగి, తల నుంచి తోక దాకా రెండు మూడు క్షణాలు అదిరి, మళ్లీ మామూలుగా ఈదుకుంటూ పోతుంది. అది లొంగుబాటు, ‘పెద్దదానివి నువ్వే’ అని ఒప్పుకోవడం. క్లౌన్ ఫిష్ గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడచేప, దాని తర్వాతి స్థానంలో ఉన్నది మగచేప, మిగిలినవి ఇంకా సంతానోత్పత్తికి దిగని చిన్నవి. ఆడచేప చనిపోతే మగచేపే కొంతకాలానికి ఆడచేపగా మారుతుంది, కానీ ఒకసారి ఆడదైన చేప తిరిగి మగది కాలేదు. అందుకే బాగా ఎదిగిన రెండు పెద్ద చేపలను కొని ఒకే ట్యాంకులో వేస్తే రెండూ ఆడవే అయ్యే అవకాశం ఎక్కువ, అవి చావు దాకా కొట్లాడుకోవచ్చు. పరిమాణంలో తేడా ఉన్న రెండు పిల్లచేపలను తెచ్చుకుంటే పెద్దరికం ఎవరిదో అవే తేల్చుకుంటాయి. ఇక కరెంటు సంగతంటారా, దానికి సరైన ఎర్తింగు ఎలాగూ ఉండాల్సిందే, కానీ ఈ వణుకుకు దానితో సంబంధం లేదు.

రాత్రి దీపం ఆర్పాక నీటి పైభాగంలోనో, ఒక మూలనో పక్కకు వాలి కదలకుండా ఉండడం కూడా ఇలాంటిదే. అది నిద్ర. లేపకండి.

అపోహ: నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి కాబట్టి శుభ్రంగానే ఉన్నాయి.

అమ్మోనియాకు రంగు లేదు. చేప మొప్పల నుంచి వెలువడే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీదా ఇసుకలోనూ తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా నీళ్లు ఎంత తేటగా మెరిసినా అది చేపలను వదలదగిన ట్యాంకు కాదు. సీసాలో అమ్మే బ్యాక్టీరియా ఈ గడువును తగ్గించవచ్చు గానీ, అది పని చేసిందో లేదో చెప్పేది పరీక్షే తప్ప సీసా మీది చీటీ కాదు. నేను చేపలేవీ లేని ట్యాంకులో 2 పీపీఎం (పది లక్షల భాగాల నీటిలో రెండు భాగాలు) వచ్చేలా అమ్మోనియా కలిపి, 24 గంటల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే చేపను తెమ్మంటాను. మంచినీటి చేపలు పెంచిన అనుభవం ఉన్నవారు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్త పడాలి, ఎందుకంటే సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది, పీహెచ్ పెరిగే కొద్దీ అదే మోతాదు అమ్మోనియా మరింత విషమవుతుంది.

అపోహ: ఆవిరై తగ్గిన నీటికి బదులు ఉప్పునీళ్లే పోయాలి.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. మండు వేసవిలో నేను వెళ్లిన ఒక ఇంట్లో 200 లీటర్ల ట్యాంకు మీద ఫ్యాను పెట్టారు. చల్లదనానికి అది మంచిదే, కానీ దానివల్ల రోజుకు మూడు లీటర్ల దాకా తగ్గుతుంటే పది రోజుల పాటు శ్రద్ధగా ఉప్పునీళ్లు కలిపి పోశారు. లెక్క వేస్తే లీటరుకు 35 గ్రాముల చొప్పున 30 లీటర్లకు కిలోకు పైగా ఉప్పు అదనంగా చేరింది. నీటిలో ఉప్పు ఎంతుందో తెలిపే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026 ఉండాల్సింది 1.030 చూపించింది, చేపలు మేత ముట్టడం మానేశాయి. కోల్పోయిన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. వంటింటి ఆర్వో యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం కొంత టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాలు) మిగిల్చే ఏర్పాటు ఉంటుంది కనుక ముందు మీటరుతో కొలవండి. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. బోరు నీళ్ల మాట ఎత్తకండి.

అపోహ: విశాఖ నుంచి క్యాన్లలో తెచ్చిన సముద్రపు నీళ్లు ప్యాకెట్ ఉప్పు కన్నా శ్రేష్ఠం.

వానాకాలంలో నదుల వరద కలిసి తీరం వెంట బంగాళాఖాతపు నీటిలో ఉప్పదనం తగ్గిపోతుంది, నగరాల దగ్గర మురుగూ, ఓడల నూనే తోడవుతాయి. ఉప్పు ప్యాకెట్టే నయం.

అపోహ: ఎనిమోన్ లేకపోతే క్లౌన్ ఫిష్ బతకదు.

ఎనిమోన్ అంటే రాళ్లకు అతుక్కొని, కుట్టే మీసాలతో పువ్వులా కనిపించే సముద్రజీవి. సముద్రంలో క్లౌన్ ఫిష్‌కు అది ప్రాణరక్షణ. ఇంటి ట్యాంకులో ఈ చేపను వేటాడేది ఎవరూ లేరు. ఎనిమోన్ లేని చోట అది పంపు మూలనో, చిన్న మట్టికుండనో ఇల్లు చేసుకొని, దాపుకు వచ్చిన మీ చేతిని కొరికి మరీ కాపలా కాస్తుంది. నిజానికి ఎనిమోన్‌ను బతికించడమే కష్టం: దానికి బలమైన వెలుతురు కావాలి, కనీసం ఆరు నెలలైనా నిలకడగా నడిచిన నీళ్లు కావాలి. అది చస్తే కుళ్లి, చేపలను కూడా తనతో తీసుకుపోతుంది.

అపోహ: పీహెచ్ తగ్గితే వెంటనే దాన్ని పెంచి నిలబెట్టే బఫర్ పొడి వేయాలి.

ముందు కిటికీ తెరవండి. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో మనుషులు విడిచిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి పీహెచ్‌ను తగ్గిస్తుంది. గదిలో గాలి ఆడాక మళ్లీ కొలిచి, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తి) నిజంగా తక్కువగా ఉందని తేలితేనే పొడి సంగతి ఆలోచించాలి.

అపోహ: రొప్పడం ఈ చేపకు మామూలే.

ఇది మాత్రం మామూలు కాదు, ఇక్కడ ఆలస్యం చేయకూడదు. ట్యాంకులోని చేపలన్నీ ఒకేసారి వేగంగా మొప్పలాడిస్తూ పైకి చేరితే తప్పు నీటిదే అనుకొని అమ్మోనియా, ఉష్ణోగ్రత, పంపు చూడాలి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. ఒక్క చేపే రొప్పుతూ, దాని ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రూక్లినెల్లా అనే సూక్ష్మ పరాన్నజీవి తెచ్చే జబ్బు కావచ్చు. ఈ జబ్బు క్లౌన్ ఫిష్‌ను, ముఖ్యంగా సముద్రం నుంచి పట్టి తెచ్చినవాటిని, ఒకటి రెండు రోజుల్లోనే చంపగలదు. అందుకే కొనేటప్పుడు హేచరీ చేపా, సముద్రపు చేపా అని అడగమంటాను. బ్రూక్లినెల్లాకు రాగి మందు పని చేయదు, ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిపిన ద్రావణం) వాడాలి, అదీ వేరే తొట్టిలో. కంగారులో రాగి మందును ఇంటి ట్యాంకులోనే ఒంపినవారిని చూశాను: చేప దక్కలేదు, రొయ్యలూ నత్తలూ పోయాయి, రాళ్లు పీల్చుకున్న రాగి వల్ల ఆ రాళ్లను మళ్లీ వాడుకోవడానికీ వీల్లేకపోయింది.