ఓజీఎల్ తగువు: 2023 కన్నా 2008 గురించి ఎక్కువ మాట్లాడుకోవాలి

నల్లగొండలో ఒక చిన్న బృందం తెలుగులో సాహసకథ పుస్తకం వేసే పనిలో ఉంది. ఆటగాళ్లు తలో పాత్ర వేసుకుని కథను నడిపించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట రూల్స్ మీద ఆడుకునే కథ. దేవరకొండ కోటలో మొదలై పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ముగుస్తుంది. పొద్దంతా గర్భగుడిలో చెదరకుండా ఉండే ఆ నీడే ఆటగాళ్లు విప్పాల్సిన చిక్కుముడి. కథ దగ్గర ఎవరికీ పేచీ లేదు. చివరి పేజీలో ఏ లైసెన్స్ అచ్చు వేయాలన్న దగ్గరే బృందం రెండుగా చీలింది. పాత ఓజీఎల్, అంటే ఆ ఆట రూల్స్ వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్, చాలని సగం మంది అంటున్నారు. వాళ్లు తీసుకున్న రాక్షసుల్లో కొన్ని ఇరవై ఏళ్ల కిందటి చిన్న పబ్లిషర్లవి, అవి ఆ లైసెన్స్ కిందే దొరుకుతాయి. ఆ కాగితాన్ని ఇక నమ్మేది లేదని, ఎవరైనా తిరిగి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ అయితేనే తమ పేర్లు వేయాలని మిగతా సగం పట్టు పట్టారు. ఆట కంపెనీ పాత ఓజీఎల్‌ని రద్దు చేయబోయినప్పుడు లేచిన 2023 జనవరి గొడవ చల్లారిందని అనుకున్నాం గానీ, వీళ్ల వాట్సాప్ గ్రూపులో అది రాత్రి ఒంటిగంట దాకా నడుస్తోంది.

ఆట ఎట్లా పుట్టింది, దాన్ని మొదట వేసిన టీఎస్‌ఆర్ కంపెనీ ఎట్లా మునిగింది, 1997లో దాన్ని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనడం, రెండేళ్లకే విజార్డ్స్‌ను బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనడం, ఇవన్నీ ఆడేవాళ్లకు తెలిసినవే. 2000లో మూడో ఎడిషన్‌తో పాటు ఓపెన్ గేమ్ లైసెన్స్ వచ్చింది. అప్పటి బ్రాండ్ మేనేజర్ ర్యాన్ డ్యాన్సీ లెక్క సూటిగా ఉండేది. సాహసకథల పుస్తకాల్లో మిగిలేది తక్కువ, ఆ పని చిన్న పబ్లిషర్లు చేస్తారు. ఎవరి కథ కొన్నా ఆటగాడికి చివరికి కావాల్సింది మన రూల్స్ పుస్తకమే. అందుకని రూల్స్‌లో ముఖ్యభాగాన్ని ఎస్‌ఆర్‌డీ అనే పత్రంగా బయటపెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, రాయల్టీ కట్టక్కర్లేదు, ఈ హక్కు శాశ్వతం అని రాసిచ్చారు. కంపెనీ ముందుముందు లైసెన్స్ మార్చినా నచ్చకపోతే పాతదే వాడుకోవచ్చని 2004లో కంపెనీ స్వయంగా తన ప్రశ్నోత్తరాల్లో చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2023లో హాస్‌బ్రోకి ఉన్నట్టుండి ఆశ పుట్టిందని చాలామంది రాస్తున్నారు. అది సగం కథే. ఆశ వెనక ఒక భయం ఉంది, ఆ భయం కంపెనీకి 2008లో పట్టుకుంది.

అప్పటికి పైజో అనే కంపెనీ 2002 నుంచి ఈ ఆట కోసం వచ్చే డ్రాగన్, డంజన్ పత్రికలను విజార్డ్స్ అనుమతితో నడుపుతోంది. దాని అధిపతి లీసా స్టీవెన్స్ ఒకప్పుడు విజార్డ్స్‌లోనే పనిచేసిన మనిషి. 2007 ఏప్రిల్‌లో విజార్డ్స్ ఆ అనుమతిని పొడిగించబోమని చెప్పింది. సెప్టెంబర్ సంచికలతో రెండు పత్రికలూ పైజో చేతిలోంచి పోయాయి. నెలనెలా చందాదారులకు ఏదో ఒకటి పంపాలి, కాబట్టి పైజో ఆ ఆగస్టు నుంచే పాత్‌ఫైండర్ పేరుతో సొంత సాహసకథలు మొదలుపెట్టింది. రూల్స్ మాత్రం ఓజీఎల్ కింద ఉన్న 3.5వే, అంటే మూడో ఎడిషన్‌ను సవరించిన రూపానివే. అదే ఆగస్టులో జెన్‌కాన్ అనే ఆటల జాతరలో విజార్డ్స్ నాలుగో ఎడిషన్ వస్తోందని ప్రకటించింది.

ఇక్కడే చిన్న పబ్లిషర్లకు టెన్షన్ మొదలైంది. కొత్త ఎడిషన్‌కు ఏ లైసెన్స్ ఇస్తారో తెలియదు. 2008 జనవరిలో కంపెనీ ఒక ప్రతిపాదన పెట్టింది: 5,000 డాలర్లు కడితే రూల్స్ ముందుగా చూపిస్తాం, మిగతావాళ్లు ఆగాలి. కొన్ని నెలలకే దాన్ని పక్కన పెట్టింది, చివరి పత్రం మాత్రం బయటికి రాలేదు. ఏడాది ముందే పుస్తకం రాయించి, బొమ్మలు వేయించి, అచ్చుకు పంపాల్సిన వ్యాపారంలో అన్ని నెలలు ఆగడం అంటే చేతులు కట్టుకుని అప్పులు లెక్కపెట్టుకోవడమే. పైజో ఆగలేదు. మార్చి 18న, పాత 3.5 రూల్స్‌నే సవరించి పాత్‌ఫైండర్ అనే సొంత ఆట వేస్తామని ప్రకటించి, మొదటి ముసాయిదాను అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆడి చూసి తప్పులు చెప్పమని అడిగింది.

జూన్ 6న నాలుగో ఎడిషన్ దుకాణాల్లోకి వచ్చింది. లైసెన్స్ మాత్రం ఆ తర్వాత 17న వచ్చింది. పేరు జీఎస్‌ఎల్. అందులో ఏముందో చూస్తే 2023 ముసాయిదా కొత్తగా అనిపించదు. కంపెనీ ఎప్పుడు కావాలంటే అప్పుడు షరతులు మార్చుకోవచ్చు. రూల్స్ వాక్యాలు తిరిగి అచ్చు వేయడానికి లేదు, అనుమతి ఉన్న మాటల జాబితా మాత్రమే ఇస్తారు. అన్నిటికన్నా ఆరో నిబంధన చూడాలి. ఓజీఎల్ కింద వేసిన పుస్తకాన్ని జీఎస్‌ఎల్ కిందికి మారిస్తే, ఆ ఒక్క పుస్తకమే కాదు, ఆ వరుసలోని ఓజీఎల్ పుస్తకాలన్నీ ఆపేయాలి. రేపు జీఎస్‌ఎల్ రద్దయినా వెనక్కి పోవడానికి దారి లేదు. పబ్లిషర్లు గోల చేస్తే 2009లో ఆ నిబంధన తీసేశారు గానీ, అప్పటికే చాలామంది తేల్చుకున్నారు.

అంటే 2008లో విజార్డ్స్ ఓజీఎల్‌ని రద్దు చేయలేదు. రద్దు చేయగలమని అనుకుని ఉంటే ఆరో నిబంధన అక్కర్లేదు. పాతదాన్ని ఎవరికి వాళ్లే వదులుకునేలా చేయాలని చూసింది. నా దృష్టిలో ఈ మొత్తం వివాదంలో కంపెనీ తన చేత్తో ఇచ్చిన పెద్ద సాక్ష్యం ఇదే. దీన్ని ఎవరూ ఎత్తరు.

ఆ ప్రయత్నం పారలేదు. 2009 ఆగస్టులో పాత్‌ఫైండర్ మూల పుస్తకం వచ్చింది. 576 పేజీలు. 2011కల్లా అమెరికా దుకాణాల అమ్మకాల మీద ఐసీవీ2 వేసే వరుసలో పాత్‌ఫైండర్ మొదటి స్థానానికి చేరింది. విజార్డ్స్ రూల్స్‌తోనే, విజార్డ్స్ ఇచ్చిన లైసెన్స్ కిందే, నిన్నటి భాగస్వామి తమను దాటిపోవడం కంపెనీ కళ్లారా చూసింది. 2016 జనవరిలో ఐదో ఎడిషన్ ఎస్‌ఆర్‌డీని మళ్లీ పాత ఓజీఎల్ కిందే విడుదల చేయక తప్పలేదు. ఆ ధైర్యంతోనే కోబోల్డ్ ప్రెస్ లాంటివాళ్లు ఐదో ఎడిషన్ మీద వ్యాపారం పెంచుకున్నారు.

భూదానం పుట్టిన నేల మీద ఉన్నవాళ్లకు ఈ చిక్కు అర్థం కావడం కష్టం కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో, అప్పటి మన జిల్లాలోనే, వెదిరె రామచంద్రారెడ్డి వినోబా ముందు వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఆ రోజు ఇచ్చినవాళ్ల మనసు మీద ఎవరికీ అనుమానం లేదు. కాగితం మీద ఏముంది, వారసులు ఏమంటారు, ఎవరు ఎవరికి అమ్మారు అన్న కేసులు మాత్రం భూదాన భూముల చుట్టూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2000లో డ్యాన్సీ ఉద్దేశం ఏమిటో అందరికీ తెలుసు. రద్దు చేసే అధికారం కంపెనీకి ఉంచాలనుకుంటే లైసెన్స్‌లోనే రాసేవాళ్లమని 2023లో ఆయనే చెప్పాడు. కానీ రద్దు చేయరాదు అన్న మాట ఆ పత్రంలో లేదు. ఆమోదం ఉన్న ఏ వెర్షన్‌నైనా వాడుకోవచ్చని మాత్రమే ఉంది. ఇరవై మూడేళ్ల తర్వాత కంపెనీ లాయర్లు అక్కడ వేలు పెట్టారు: పాత వెర్షన్‌కు ఇక మా ఆమోదం లేదు అంటే సరి.

2023 జనవరి 5న బయటికి పొక్కిన ఓజీఎల్ 1.1 అదే చేయబోయింది. ఏడాదికి 50,000 డాలర్లు దాటితే లెక్కలు చూపాలి, 7,50,000 దాటిన ఆదాయం మీద 25 శాతం కట్టాలి, మీరు రాసినదాన్ని కంపెనీ ఎప్పటికీ వాడుకోవచ్చు. ద్వేషం నింపే పుస్తకాలను, ఎన్‌ఎఫ్‌టీలను, పెద్ద కంపెనీలను అడ్డుకోవడానికే అని విజార్డ్స్ చెప్పింది. ఆ బెంగ ఉండొచ్చు. కానీ అంతకు నెల ముందే మదుపరుల సభలో విజార్డ్స్ అధ్యక్షురాలు ఈ బ్రాండ్ నుంచి రావాల్సినంత రాబడి రావడం లేదని అన్నారు. జనం రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

12వ తేదీకల్లా పైజో ఓఆర్‌సీ అనే కొత్త లైసెన్స్ ప్రకటించింది. దాని హక్కు ఏ ప్రచురణ సంస్థ దగ్గరా ఉండదు, ఒక న్యాయ సంస్థ దగ్గర ఉంటుంది. విజార్డ్స్ మెత్తబడి 1.2 ముసాయిదా తెచ్చి సర్వే పెడితే 15,000 మందికి పైగా జవాబులు రాశారు. దాని కింద పుస్తకం వేయబోమని 88 శాతం మంది చెప్పారు. జనవరి 27న కంపెనీ దిగొచ్చింది. పాత ఓజీఎల్ (1.0ఏ) జోలికి పోమంది, ఐదో ఎడిషన్ రూల్స్ ఉన్న దాదాపు 400 పేజీల ఎస్‌ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ సీసీ-బై 4.0 కింద పెట్టింది. ఆ లైసెన్స్‌లో వెనక్కి తీసుకోరాదన్న మాట స్పష్టంగా ఉంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 కూడా అదే దారిలో వచ్చింది.

పైజో మాత్రం ఆ హామీ విని ఊరుకోలేదు. 2023 నవంబర్ నుంచి పాత్‌ఫైండర్ పుస్తకాలను ఓజీఎల్ లేకుండా తిరగరాసి వేసింది. పాత ఆట నుంచి వచ్చిన పేర్లు, మంత్రాల వర్గాలు, మంచి చెడుల కొలమానం, రంగురంగుల డ్రాగన్లు తీసేయాల్సి వచ్చింది. అంత ఖర్చు పెట్టుకుని బయటికి పోయినవాళ్లని చూశాక కూడా ఓజీఎల్ మామూలు కాగితమే అనడం నాకు వింతగా ఉంది.

ఇప్పుడు నల్లగొండ తగువుకు వస్తే, 2023 జనవరి 27న క్రియేటివ్ కామన్స్ (సీసీ) కిందికి వచ్చింది 5.1 ఒక్కటే. ఇతర పబ్లిషర్ల పాత రాక్షసులు ఓజీఎల్ కిందే ఉండిపోయాయి. వాళ్లను వాడాలంటే ఆ లైసెన్స్ మొత్తం, పాత కాపీరైట్ వరుసతో సహా అచ్చు వేయాలి. ఆట పద్ధతి మీద కాపీరైట్ ఉండదు కదా, అసలు లైసెన్సే ఎందుకు అని ఒకరు అడిగారు. మన దగ్గర కూడా ఊహ మీద కాపీరైట్ లేదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. కానీ 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తర్జుమా చేసే హక్కు కాపీరైట్‌లో భాగం. రూల్స్ వాక్యాలను తెలుగు చేసి అమ్మాలంటే అనుమతి కావాల్సిందే, ఆ అనుమతి సీసీ-బై ఇస్తోంది. కంపెనీ చెప్పిన ఆధారపు వాక్యం వేయాలి, లోగో వాడకూడదు, ఐదో ఎడిషన్‌కు సరిపోతుందని మాత్రం రాసుకోవచ్చు. రాక్షసుల సంగతికి కొరివిదయ్యాన్ని, బ్రహ్మరాక్షసుణ్ని మనమే కొత్తగా కట్టుకుందామని సీసీ పక్షం అంటోంది. ఆ పని పెద్ద కష్టమేమీ కాదు.

తేలనిది ఇంకొకటి ఉంది. విజార్డ్స్ 5.1ని ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో ఇచ్చింది, తెలుగులో ఇవ్వలేదు. అందుకే బృందం తనకు కావాల్సిన రూల్స్‌ను తానే తెలుగు చేసుకుంది. సీసీ-బై కింద ఆ తెలుగు పాఠం మీద హక్కు వాళ్లదే. తిరిగి అందరికీ ఇవ్వాలన్న షరతు లేదు. ఓఆర్‌సీ అయితే ఆట రూల్స్ వరకు ఇవ్వక తప్పదు. ఓజీఎల్‌ని నమ్మం అని గట్టిగా వాదించినవాళ్లలోనే ఇద్దరు ఈ తెలుగు పాఠాన్ని తమ దగ్గరే పెట్టుకుందామంటున్నారు. మహబూబ్‌నగర్‌లో ఆడే ఇంకో గుంపు అదే పాఠంతో కోయిల్‌కొండ కోట మీద కథ రాసుకుంటామని అడిగింది. పుస్తకం అచ్చయ్యేదాకా ఆగమన్నారట.