మాడు అనే కిటికీ

మా పిన్ని కూతురికి 22వ వారంలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే అల్ట్రాసౌండ్) తీసి, బిడ్డ మెదడులో నీటి గది వెడల్పు 11 మిల్లీమీటర్లుంది, ఎంఆర్‌ఐ తీయించుకోండి అన్నారు. 10 లోపు ఉండాలి. రాత్రి ఒకటే టెన్షన్‌గా ఫోన్ చేసింది: "అక్కా, స్కాన్ సరిగ్గా తీయలేదంటావా?" వాళ్ల అత్తగారేమో గ్రహణం రోజు కదిలావా అని అడిగారట. గ్రహణం మొర్రి భయం మనవాళ్లను ఇంకా వదల్లేదు. పైపెదవి అతుక్కోవడం మూడో నెల నిండకముందే అయిపోతుంది, ఆ తర్వాత ఏ నీడా దాన్ని చీల్చలేదు.

స్కాన్ బాగానే తీశారు. చిక్కంతా పుర్రె ఎముకతోనే. ఈ స్కాన్ చూసేది ధ్వని అలలతో. మన ఒంట్లో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. పొట్ట మీద ఆనించే 3 మెగాహెర్ట్జ్ ప్రోబ్ (అలలు పంపి, తిరిగొచ్చినవి పట్టే పరికరం) పంపే అలల మధ్య దూరం అర మిల్లీమీటరు, అంటే చాలా సన్నటి వివరం కూడా దొరకాలి. కానీ ఎముక తగలగానే అందులో పెద్ద భాగం వెనక్కి తిరుగుతుంది, లోపలికి దూరింది కూడా త్వరగా నీరసిస్తుంది. వెనక్కి వచ్చింది ఎముకకూ ప్రోబ్‌కూ మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ ప్రోబ్‌కు దగ్గరగా ఉన్న సగం మెదడు మీద పొగలా కమ్ముకుంటుంది. అందుకే ఆ గదిని సాధారణంగా అవతలి సగంలోనే కొలుస్తారు. నెలలు నిండేకొద్దీ ఎముక గట్టిపడి పని ఇంకా కష్టమవుతుంది.

అయితే ఆ ఎముకలో ఒక సందుంది. పుట్టిన బిడ్డకు అమ్మమ్మలు ఆముదం పెట్టే మాడు! అక్కడ ఎముక ఉండదు, మెత్తటి పొర మాత్రమే. బిడ్డ తల కిందికి తిరిగి ఉంటే యోని మార్గంలో పెట్టిన ప్రోబ్ నేరుగా మాడుకు ఎదురొస్తుంది. దూరం తక్కువ కాబట్టి 7 మెగాహెర్ట్జ్ కూడా వాడొచ్చు, అప్పుడు అలల మధ్య దూరం 0.2 మిల్లీమీటర్లకు దిగుతుంది, రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్ ఈ చివర నుంచి ఆ చివరికి కనిపిస్తుంది. నాకు ఇంత ముచ్చటగా అనిపించే ఉపాయం వైద్యంలో మరొకటి లేదు. చేయి తిరిగినవాళ్లు కావాలి, అంతే.

ఎంఆర్‌ఐకి కిటికీ అక్కర్లేదు. 1.5 టెస్లా అయస్కాంతమున్న యంత్రంలో నీటి ప్రోటాన్లు (నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు) పలికేది 64 మెగాహెర్ట్జ్ దగ్గర, అది రేడియో తరంగం, దానికి ఎముక అడ్డే కాదు. దాని ఇబ్బంది బిడ్డ కదలిక. అందుకే ఒక్కో పొరను సెకనులోపే తీసేస్తారు, తర్వాత కంప్యూటరు ఆ పొరలను సర్ది ముక్కల్లోంచి మొత్తం మెదడును కట్టి ఘనపరిమాణం లెక్కకడుతుంది.

2017లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ మెరిడియన్ అధ్యయనంలో 570 మంది గర్భస్థ శిశువుల్లో అల్ట్రాసౌండ్ నిర్ధారణ 68 శాతం, ఎంఆర్‌ఐ తోడైతే 93 శాతం సరిగ్గా వచ్చింది. కానీ మాడు గుండా నిపుణులు చూసే స్కాన్‌తో పోల్చకుండా ఈ తేడా చెప్పడం న్యాయం కాదని విమర్శలొచ్చాయి, నాకూ అదే సబబనిపిస్తుంది.

మా చెల్లికి నేను చెప్పింది ఇదే: వేరే లోపం లేకుండా ఆ నీటి గది 10 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉంటే 90 శాతానికి పైగా పిల్లలు మామూలుగానే ఎదుగుతారు, ఆ "వేరే లోపం లేకుండా" అన్న మాట తేల్చడానికే ఎంఆర్‌ఐ. ఐదో నెలలో మెదడు ఇంకా దాదాపు నున్నగానే ఉంటుంది, మడతలు ఎక్కువగా ఆ తర్వాతే పడతాయి. కాబట్టి వాటిని చూడడానికి ఏడో నెలలో మళ్లీ రమ్మంటే కంగారు పడొద్దని కూడా చెప్పాను.