సీఎస్ఆర్ డబ్బు ప్రభుత్వం దగ్గర ఉండదు. ఎవరికీ ఫీజు కట్టకండి

మొన్న ఒక భార్యాభర్తలు మా ఆఫీసుకు వచ్చారు. పదేళ్లుగా దివ్యాంగ పిల్లల బడి నడుపుతున్నారు. ఆయన ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. పైన మూడు సింహాల బొమ్మ, కింద ‘మీ సంస్థకు రూ.40 లక్షల సీఎస్ఆర్ నిధులు మంజూరు’ అని ఉంది. సీఎస్ఆర్ అంటే కంపెనీలు తమ లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. ప్రాసెసింగ్ ఫీజు కింద అప్పటికే 60 వేలు ఫోన్‌పే చేశారు. ఆమె గాజులు కుదువపెట్టి తెచ్చిన డబ్బు అది. ‘ఇంకో 40 వేలు కడితే రిలీజ్ అవుతుందట మేడమ్, కట్టమంటారా?’ అని ఆమె అడిగితే నాకు నోట మాట రాలేదు.

అపోహ: సీఎస్ఆర్ ఫండ్ ప్రభుత్వం దగ్గర ఉంటుంది, సీఎస్ఆర్-1 అనే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మన వాటా మనకొస్తుంది.

వాస్తవం: అలాంటి ఫండ్ లేదు, వాటా లేదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ముందటి ఏడాది వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఎవరికివ్వాలో, ఏ ఊళ్లో పెట్టాలో తేల్చేది కంపెనీ బోర్డు. ప్రభుత్వం రూల్స్ పెడుతుంది, లెక్కలు అడుగుతుంది, తప్పితే జరిమానా వేస్తుంది. మంజూరు లెటర్లు ఇవ్వదు. సీఎస్ఆర్-1 అంటే ఈ సొమ్ము తీసుకోదలచిన సంస్థకు వచ్చే ఒక రిజిస్ట్రేషన్ నంబరు, అంతే. సీఏనో కంపెనీ సెక్రటరీనో సర్టిఫై చేసి ఫైల్ చేస్తే సిస్టమే ఇస్తుంది. దాన్ని చూపించి ‘ఢిల్లీలో మనవాళ్లున్నారు’ అన్నాడంటే ఆ మనిషి మోసగాడే, ఇంకో మాట లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఖర్చు పెట్టకపోతే అడిగేవాళ్లు లేరన్నది పాత మాట. 2021 జనవరి 22 నుంచి, ఖర్చు కాకుండా మిగిలిన సొమ్మును గడువులోగా చట్టం చెప్పిన చోటికి బదిలీ చేయకపోతే కంపెనీకి దానికి రెట్టింపు గానీ కోటి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది జరిమానా. సీఎం రిలీఫ్ ఫండ్‌కిచ్చింది సీఎస్ఆర్ కింద చెల్లదు, ఏ పనులు సీఎస్ఆర్ కిందకొస్తాయో చెప్పే చట్టంలోని ఏడో షెడ్యూల్లో అది లేదు. ఫ్యాక్టరీ ఉన్న ఊరికి ప్రాధాన్యం ఇవ్వమంది చట్టం, మొత్తం అక్కడే పెట్టమనలేదు.

నిజంగా నిధులు కావాలంటే 12ఏ, 80జీ (సంస్థకు, దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే రిజిస్ట్రేషన్లు), మూడేళ్ల పని రికార్డు సిద్ధం చేసుకోండి. సీఎస్ఆర్ పాలసీ, బోర్డు ఒప్పుకున్న ప్రాజెక్టులు కంపెనీ వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. అవి చదివి, మీ పనికి సరిపోయే కంపెనీకి నేరుగా రాయండి.

ఆ రోజు నా ఎదురుగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. 60 వేలు వెనక్కి వస్తాయని మాటివ్వలేకపోయాను. రెండో విడత 40 వేలు మాత్రం కట్టనివ్వలేదు. వచ్చే సోమవారం ఆడిట్ రిపోర్టులు తీసుకుని రమ్మన్నాను, వాళ్ల ప్రపోజల్ నేనే కూర్చుని రాస్తాను.